మంచు చిరుత కోసం గంటల తరబడి కూర్చోవాలి, లోపల ఉన్ని వేసుకోవాలా సింథటిక్కా?

టెక్కలి కొంగ:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి పక్కన పల్లెటూరు. పక్షుల ఫొటోలు తీస్తుంటాను, పదేళ్ళ పైనే అయింది, తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు దిగాయని తెలిసిందంటే ఇంక ఆ సీజనంతా ఆదివారం నేను ఇంట్లో కనపడను. మంచు చిరుతని ఒక్కసారి నా కళ్ళతో చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మూడేళ్ళు చీటీ కట్టి డబ్బు పోగేశాను, ఈ ఫిబ్రవరిలో నలుగురం కలిసి లద్దాఖ్ వెళ్తున్నాం. లేహ్‌లో రెండు మూడు రోజులు ఊరికే ఉండి ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యాక, హెమిస్ నేషనల్ పార్కులో రుంబక్ అని ఊరుంది, అక్కడ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లోనే ఉండి 8 రోజులు వెతకడం.

ఇప్పుడు నా గొడవ ఏటంటే ఒంటికి అంటుకుని లోపల వేసుకునే బట్టలు. రోజూ పని ఇదీ అని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు, తెల్లారకుండా లేచి కెమెరా, లెన్సు, ట్రైపాడ్ కలిపి ఎనిమిది తొమ్మిది కిలోలు వీపున వేసుకుని గంటో గంటన్నరో కొండెక్కాలి, ఎక్కాక ఏదో రాతి చాటున స్కోప్, అదే దూరంగా ఉన్నవి చూసే దుర్బిణి, పెట్టుకుని మూడు నాలుగు గంటలు కదలకుండా ఎదుటి కొండనే చూస్తూ కూర్చోవాలి. అంటే ఎక్కేటప్పుడు చెమట, కూర్చున్నాక గడ్డకట్టే చలి. రాత్రిళ్ళు మైనస్ 20 దాకా పడిపోతాదంట. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన చలంటే సంక్రాంతికి తెల్లారగట్ట భోగిమంట ముందు చేతులు చాపుకునే చలే, మహా అయితే లంబసింగి. దానికి తోడు నాకు చెమటెక్కువ, రెండంతస్తులు మెట్లెక్కితే వీపు తడిసిపోతాది.

బయటి దేశాల్లో చలికాలం వేటకెళ్ళేవాళ్ళు రాసుకున్నవి చదివాను, ఎందుకంటే వాళ్ళదీ అదే పని కదా, చీకట్లో ఎక్కడం, ఎక్కాక కదలకుండా కూర్చోవడం, నా చేతిలో తుపాకీ బదులు కెమెరా ఉంటాది అంతే తేడా. వాళ్ళల్లో సగం మంది మెరినో ఉన్ని, అంటే మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని, తప్ప వేరేది ముట్టుకోవద్దంటున్నారు, మిగతా సగం పాలిస్టర్ చాలు ఉన్నికి డబ్బు తగలెయ్యద్దంటున్నారు. నేను చూసినంతలో మెరినో బనీను ఒక్కటే నాలుగు వేలు పైన ఉంది, పాలిస్టర్ థర్మల్స్ పైదీ కిందదీ కలిపి పన్నెండు వందలకి వచ్చేస్తున్నాయి. అక్కడ 8 రోజులు ఉతుక్కోడం కుదరదు. ఇంకోటి, నాకు ఉన్ని అంటే భయం, చిన్నప్పుడు అమ్మ అల్లిన స్వెట్టర్ వేసుకుంటే మెడ చుట్టూ గీరుకుని ఎర్రగా కందిపోయేది. వాడినవాళ్ళు కాస్త చెప్పండి, అప్పు చెయ్యకుండా వెళ్ళాలని నా ఆశ.


సోంపేట మాజీ హవల్దార్:

నాయనా, నేను ఫౌజులో 22 ఏళ్ళు చేసి వచ్చాను, అందులో లద్దాఖ్ రెండుసార్లు. మన జిల్లా కుర్రోళ్ళు ఎంతమంది అక్కడ డ్యూటీ చేసొచ్చారో నీకూ తెలుసు కదా, ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, వెళ్ళేముందు ఒకసారి ఎవరింటికైనా వెళ్ళి కూర్చో, బట్టలు కూడా చూపిస్తారు.

నువ్వు ఏ గుడ్డ కొనాలని అడిగావు, నేను దానికంటే ముందు చెప్పాల్సింది చెప్తన్నాను. అక్కడ చెమట పట్టనియ్యకూడదు. మాకు మొదటి రోజునుంచీ అదే నేర్పారు. బయల్దేరేటప్పుడు ఒళ్ళు కాస్త వణుకుతున్నట్టే ఉండాలి, వెచ్చగా ఉంది కదా అని జాకెట్ మీద జాకెట్ వేసుకుని ఎక్కడం మొదలెట్టావా పావుగంటలో లోపల తడి, ఆ తడి సాయంత్రం దాకా నిన్ను వదలదు. జాకెట్లు తీసి బ్యాగులో పెట్టి, మెడ దగ్గర జిప్పు తెరిచి, ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినంత నెమ్మదిగా నడువు. నోరు తెరిచి రొప్పుతున్నావంటే వేగం ఎక్కువైనట్టు లెక్క. ఎత్తు మీద ఊపిరికీ ఇదే మంచిది.

రెండోది నిప్పు. ఆ ఇళ్ళల్లో గది మధ్యలో బుఖారీ ఉంటాది, రేకు పొయ్యి, పైకి గొట్టం పోతాది. చలికి అందరూ దానికి ఆనుకునే కూర్చుంటారు. మా యూనిట్లో ఒక కుర్రోడు చెయ్యి వెనక్కి చాపితే మోచెయ్యి ఆ గొట్టానికి తగిలింది, వేసుకున్నది నైలాన్ చొక్కా, కరిగి చర్మానికి అతుక్కుపోయింది, ఊడదీస్తే చర్మంతో సహా వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. ఉన్ని అలగ కరగదు, మాడితే వెంట్రుకలు కాలిన కంపు వస్తాది, నిప్పు తీసేస్తే ఆరిపోతాది. మాకు ఇచ్చిన అంగోలా షర్టు ఉన్నీ నూలూ కలిపి నేసింది, అది వేసుకుని బుఖారీ పక్కన ఎన్ని రాత్రులు గడిపామో. అందుకని నా ఓటు ఉన్నికే. సాక్సులు మాత్రం ఉన్నివి తప్ప వేరే ఆలోచనే పెట్టుకోకు, మూడు జతలు పట్టుకెళ్ళు, తడిసిన జత పిండి చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకుంటే ఒంటి వేడికే ఆరిపోతాయి, బయట ఆరేస్తే కర్రముక్కల్లాగ బిగుసుకుపోతాయి.


చీపురుపల్లి టు మోంటానా:

తమ్ముడూ మాది చీపురుపల్లి, ఉద్యోగం మీద అమెరికా వచ్చి మోంటానా రాష్ట్రంలో స్థిరపడ్డాను. ఇక్కడ ఆఫీసులో వాళ్ళతో పాటు వేటకి వెళ్ళడం మొదలెట్టి ఆరేళ్ళు. మన దగ్గర 1972 చట్టంతో వేట నేరం, ఇక్కడ లైసెన్సు తీసుకుని, ట్యాగ్ కొనుక్కుని, ఆ ట్యాగ్‌కి ఒక్క జంతువు లెక్కన వెళ్తారు. రైఫిల్ సీజను అక్టోబరు చివర్లో మొదలై నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత ఆదివారం దాకా ఉంటుంది, అంటే చివరికొచ్చేసరికి పొద్దున్నే మైనస్ 15, ఒక్కోసారి 20. నువ్వు చెప్పిన పనీ నేను చేసే పనీ నూటికి నూరుపాళ్ళు ఒకటే కాబట్టి నా అనుభవం నీకు సరిపోతుంది.

మొదటి ఏడు నేను పాలిస్టర్ వేసుకెళ్ళాను. ఎల్క్ కోసం. మన కణుజుకి అన్న లాంటి జంతువు అనుకో, ఇంకా పెద్దది. సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చడానికి అనుమతి, అందుకని నాలుగున్నరకి చీకట్లో ఎక్కడం మొదలెట్టాం. శిఖరం మీదకి చేరేసరికి నా వీపు మీద, రెండు రెక్కల మధ్య, బ్యాగు ఆనుకున్న చోట ఒక పలక ఆకారంలో తడి. నడుస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు, నిజానికి పొడిగానే ఉందనుకున్నాను. కూర్చున్న పది నిమిషాలకి ఎవరో ఆ పలక మీద ఐస్ గడ్డ పెట్టి నొక్కినట్టు మొదలైంది. అరగంటకి దవడలు కొట్టుకుంటున్నాయి, బైనాక్యులర్స్ పట్టుకుంటే చేతులు నిలవవు. తెల్లారాక ఎల్క్ మంద ఎదుటి లోయలోకి దిగింది, నేను మాత్రం లేచి గెంతకపోతే కుదరదన్న స్థితిలో ఉన్నాను, లేచాను, అవి చూశాయి, వెళ్ళిపోయాయి. నాతో వచ్చిన పెద్దాయన ఒక్క మాట అనలేదు, తన బ్యాగులోంచి పొడి ఉన్ని చొక్కా ఒకటి తీసి ఇచ్చాడు.

ఎందుకలా అవుతుందంటే పాలిస్టర్ దారం నీళ్ళని తనలోకి తీసుకోదు, నూటికి అర శాతం కూడా పీల్చుకోదు. చెమటని దారం పైపైన పరిచి గాలికి ఆరబెట్టడం దాని పని. ఆ పని నడిచేటప్పుడు బ్రహ్మాండం. కానీ వీపు మీద బ్యాగు ఉంటే గాలి ఏది, పైన జాకెట్ వేసేస్తే ఆరేది ఎక్కడ? ఆ నీళ్ళు చర్మానికే ఆనుకుని ఉంటాయి, నీళ్ళు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. ఉన్ని దారి వేరు, తన బరువులో దాదాపు మూడో వంతు దాకా ఆవిరిని దారం లోపలికే పీల్చుకుంటుంది, అయినా చేతికి తడి తగలదు, పైగా అలా పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుడుతుంది. అందుకని ఎక్కడం నుంచి కూర్చోవడానికి మారే ఆ అరగంట ఉంది చూశావూ, అక్కడ ఉన్ని నిన్ను కాస్తుంది. నా లెక్కలో మొత్తం విషయం ఆ అరగంటే.

వాసన సంగతి. పాలిస్టర్ ఒంటి జిడ్డుని పట్టుకుంటుంది, రెండో రోజుకే కంపు, ఉన్ని వారం వేసుకున్నా పక్కవాడు ముక్కు మూసుకోడు. వేటగాళ్ళు జంతువుకి వాసన తగలకూడదని ఉన్ని అంటారు, నేను దాన్ని అంతగా నమ్మను, గాలి నీ వైపునుంచి జంతువు వైపు వీస్తుంటే నువ్వు ఏ చొక్కా వేసుకున్నా దానికి తెలిసిపోతుంది, గాలి వాటం చూసుకోవడమే అసలు పని. కానీ ఒకే గదిలో నలుగురు 8 రోజులు పడుకోవాలి కదా, అందుకైనా ఉన్ని.

పాలిస్టర్‌ని పూర్తిగా తీసిపారెయ్యను. రోజంతా నడకే ఉన్నప్పుడు, లేదా వేట దొరికాక మాంసం మోసుకు రావాల్సినప్పుడు నేను ఇప్పటికీ పాలిస్టరే వేస్తాను. ఎల్క్ వెనక తొడ ఒక్కటే ఎముకతో పాతిక ముప్పై కిలోలు తూగుతుంది, అది వీపున వేసుకుని దిగుతుంటే ఎంత చలిలోనైనా నీళ్ళు కారిపోతాం, అప్పుడు కూర్చునే పని లేదు కాబట్టి ఆరిపోయే బట్టే మేలు.


గజపతినగరం ట్రెక్కర్:

నేను ఒప్పుకోను. హిమాచల్‌లో, ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్కులు అయిదు చేశాను, అన్నీ పాలిస్టర్ థర్మల్స్ మీదే, మొత్తం రెండు వేలు కూడా ఖర్చవ్వలేదు. మెరినో ఒకటి కొన్నాను, చదరపు మీటరు గుడ్డ 150 గ్రాములు తూగే పల్చటిది, రెండో ట్రిప్పుకే భుజం మీద బ్యాగు పట్టీ రాసుకునే చోట చిల్లులు పడ్డాయి. నాలుగు వేలు! అదే పాలిస్టర్‌ది అయిదేళ్ళుగా రాయిలాగ ఉంది.

అసలు కొంగ గారు చెయ్యాల్సింది ఏటంటే పాలిస్టర్‌వి రెండు జతలు కొనుక్కోవడం. ఒకటి వేసుకుని ఎక్కడం, పైకి వెళ్ళాక రాతి చాటున నిలబడి ఆ తడిది విప్పేసి, చిన్న తువ్వాలుతో వీపు తుడుచుకుని, పొడిది వేసుకుని, దానిమీద జాకెట్లన్నీ. విప్పినప్పుడు ఒక అర నిమిషం ప్రాణం పోతున్నట్టు ఉంటాది, ఆ తర్వాత నాలుగు గంటలు హాయి. మోంటానా అన్నయ్య చెప్పిన కథలో కూడా ఆయన్ని కాపాడింది ఉన్ని చొక్కానా, పొడి చొక్కానా? నాకైతే పొడి చొక్కాయే అనిపిస్తోంది. మిగిలిన డబ్బు బాతు నూగు ఈకలు కూరిన మంచి డౌన్ జాకెట్ మీద, చేతి గ్లవ్స్ మీద పెట్టండి, వేళ్ళు కొంకర్లు పోతే కెమెరా బటన్ నొక్కలేరు.


చీపురుపల్లి టు మోంటానా:

గజపతినగరం తమ్ముడి మాటలో నిజముంది, కాదనను. పొడి చొక్కా మార్చుకోవడం నేనూ చేస్తాను. నా భయం ఒక్కటే, మైనస్ 15లో గాలి కొడుతుంటే విప్పడానికి చేతులు రావు, ఇవాళ వద్దులే అని ఊరుకుంటాం, అలా ఊరుకున్న రోజే దెబ్బ తింటాం. ఉన్ని వేసుకుంటే ఆ రోజు గట్టెక్కుతాం. చిల్లుల సంగతికి, 150 గ్రాములది కాకుండా 200 గ్రాములది తీసుకో, అందులోనూ కాస్త నైలాన్ కలిపి నేసినవి ఉంటాయి, నూటికి పది పదిహేను శాతం, అవి చాలా గట్టిగా ఉంటాయి. నా దగ్గర ఉన్నది నాలుగేళ్ళదీ.


పొందూరు నేతింటి ఆడపడుచు:

కొంగ అన్నయ్యా, మాది పొందూరు, మా ఇంట్లో నాలుగు తరాలుగా ఖద్దరే. దూది ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు మా వాళ్ళు, ఆ పళ్ళతో దువ్వితే దూదిలో పొట్టూ నలకా ఏదీ మిగలదు, అంత సన్నంగా దారం తీసిన ఇల్లు మాది. అలాంటి ఇంట్లో పుట్టిన నేను చెప్తున్నాను, లద్దాఖ్‌కి ఒంటికి తగిలేలా నూలు బట్ట ఒక్కటి కూడా వేసుకోకు. బనీను అలవాటు కదా అని థర్మల్ లోపల మామూలు కాటన్ బనీను వేసుకుంటారు మగాళ్ళు, మా అన్నయ్య కులుమనాలి వెళ్ళినప్పుడు అదే చేసి జ్వరంతో వచ్చాడు. నూలు చెమటని బాగా తాగుతుంది, మన ఎండకి అదే దాని గొప్ప, తాగింది మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది, అక్కడ చల్లబరచడమే కదా ప్రమాదం. చెడ్డీ కూడా కాటన్‌ది వద్దు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి చెప్పేస్తున్నాను.

దురద గురించి. మీ అమ్మగారు అల్లిన స్వెట్టర్ దారం ముతకది అయ్యుంటుంది. గుచ్చుకునేది ఉన్ని కాదు, దారంలో లావుగా ఉన్న వెంట్రుకల కొసలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, 30 మైక్రాన్లు దాటిన లావు వెంట్రుక వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది, లోపల వేసుకునే మెరినో 17 నుంచి 19 మైక్రాన్లు ఉంటుంది, ఆ సన్నం వెంట్రుక చర్మానికి తగలగానే వంగిపోతుంది. కొట్లో కొంటే చేతి వేళ్ళతో చూడొద్దు, వేళ్ళకి ఏమీ తెలియదు, మోచేతి లోపలి వైపు, లేదంటే మెడ మీద ఒక నిమిషం ఆనించి చూడు.

ఇంక మన ఊళ్ళల్లో ఉన్నికి రెండు శత్రువులు, చెమ్మ, పురుగు. సముద్రం పక్క ఊళ్ళు మనవి, వానాకాలం బీరువాలో తోలు బెల్టుకే బూజు పడుతుంది. ఉన్ని పురుగు జిడ్డూ చెమటా ఉన్న చోటే ఎక్కువగా కొరుకుతుంది, కాబట్టి రాగానే ఉతికే దాచాలి. మామూలు సబ్బు పొడి వద్దు, వాటిల్లో మరకలు తినడానికి వేసే ఎంజైములు ఉంటాయి, ఉన్ని కూడా మన జుట్టు లాంటిదే కదా, దాన్నీ తినేస్తాయి. కుంకుడుకాయ రసం చన్నీళ్ళల్లో కలిపి, పది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా నొక్కి తియ్యి. పిండకు. తువ్వాలులో చాప చుట్టినట్టు చుట్టి మోకాలితో అదిమితే నీళ్ళన్నీ తువ్వాలుకి పోతాయి, తర్వాత మంచం మీద పరిచి నీడలో ఆరబెట్టు, తీగ మీద వేలాడదీస్తే సాగిపోయి మోకాళ్ళ దాకా వస్తుంది. ఆరాక జిప్ కవరులో పెట్టి గాలి తీసేసి కలరా ఉండలు బయట బీరువా అరలో వెయ్యి, బట్టకి తగలనివ్వకు, ఆ వాసన ఓ పట్టాన పోదు.


భోగాపురం చలిగది:

నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కోల్డ్ స్టోరేజ్‌లో పనిచేస్తాను, ఏ కంపెనీ అన్నది అక్కర్లేదు. మా గది మైనస్ 18, బ్లాస్ట్ ఫ్రీజర్ అయితే ఇంకా కిందకి. మే నెల్లో బయట 40 డిగ్రీలు ఉంటాది, చెమటలు కక్కుతూ లోపలికి వెళ్తాం, అట్టపెట్టెలు ఎత్తుతాం, మళ్ళీ బయటికి. రోజుకి ఇరవై సార్లు. అంటే మీరు లద్దాఖ్‌లో రోజుకొకసారి పడే బాధ మాకు ఇరవై సార్లు.

ఇక్కడ మేం నేర్చుకున్నది ఏటంటే కదిలే మనిషికీ కదలని మనిషికీ చలి వేరు. పెట్టెలు ఎత్తుతున్నంతసేపూ పల్చటి పాలిస్టర్ టీషర్టు మీద కోల్డ్ రూం కోటు చాలు. స్టాకు లెక్క రాసే సూపర్‌వైజర్ కదలడు, ఆయన మాత్రం ఇంట్లో అల్లిన ఉన్ని స్వెట్టర్ లోపల వేసుకునే వస్తాడు, పదిహేనేళ్ళ నుంచి అంతే. రెండూ ఒకే గదిలో రోజూ చూస్తన్నాను కాబట్టి ఇక్కడ ఇద్దరూ కొట్టుకోవక్కర్లేదు, ఎక్కేవాడికి ఒకటి, కూర్చునేవాడికి ఒకటి.

అన్నా, కొనేముందు పరీక్ష చేసుకోవాలనుంటే మా మేనేజరుని అడుగుతాను. ఒక్కరినీ లోపల వదలం, నేను పక్కన ఉంటాను, తలుపు లోపలినుంచి తెరుచుకునే బటన్ ఎక్కడుందో ముందు చూపిస్తాను, ఇరవై నిమిషాలు దాటనివ్వను. ఫిబ్రవరిలో కొండ మీద తెలుసుకోడం కంటే ఇక్కడ తెలుసుకోడం మేలు కదా.


టెక్కలి కొంగ:

అందరికీ పేరు పేరునా దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే చలిగది తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు, రెండు శనివారాలు వెళ్ళి వచ్చాను, అది రాద్దామని ఆగాను.

పాలిస్టర్‌ది కొన్నాను, మెరినో మాత్రం మా ఊరి ఆర్మీ బావ ఒకాయన దగ్గర అరువు తెచ్చుకున్నాను, 200 గ్రాములదే. మొదటి శనివారం పాలిస్టర్. బ్యాగులో కెమెరా, లెన్సు, ఇంకా ఒక ఇటుక కూడా వేసి 9 కిలోలు చేసి, ప్లాంటు బయట మూడంతస్తుల ఇనప మెట్లు పదిసార్లు ఎక్కి దిగాను. వీపు తడిసింది, అచ్చం మోంటానా అన్నయ్య చెప్పినట్టే, బ్యాగు ఆనిన చోట పలకలాగ. పైన స్వెట్టరూ జాకెట్టూ వేసుకుని లోపలికి వెళ్ళి ఒక ఖాళీ డబ్బా మీద కూర్చున్నాను. మొదటి అయిదు నిమిషాలు బాగుంది, ఇంత గొడవెందుకు ఇదే చాలనుకున్నాను. ఎనిమిదో నిమిషం నుంచి మొదలైంది. వెన్నెముక పొడుగునా ఒక సన్నటి చల్లటి గీత, కాస్త ముందుకి వంగితే గుడ్డ చర్మాన్ని వదిలి ఆ సందులోకి చల్లగాలి, వెనక్కి ఆనితే మళ్ళీ ఆ చల్లటి గుడ్డ వచ్చి అతుక్కోవడం. స్కోప్ దగ్గర నేను చేసే పని కూడా అదే కదా, ముందుకి వంగడం, వెనక్కి ఆనడం. పదిహేను నిమిషాలకి లేచి వచ్చేశాను.

తర్వాతి శనివారం అవే మెట్లు, అదే బరువు, ఉన్ని. కూర్చోగానే ఇది పాలిస్టర్ కంటే బరువుగా, కాస్త చెమ్మగా అనిపించింది, మొదటి అయిదు నిమిషాల్లో అడిగితే పాలిస్టరే నయమని చెప్పేవాణ్ణి. కానీ ఆ చల్లటి గీత రాలేదు. ఎదురు చూస్తూనే ఉన్నాను, రాలేదు. ఇరవై నిమిషాలు అయిందని తమ్ముడు లేపితే లేచాను. దురద కూడా లేదు, పొందూరు చెల్లెమ్మ చెప్పిన మోచేతి పరీక్ష ముందే చేశాను.

ఇంకోటి తెలిసింది, అది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండుసార్లూ నన్ను ఎక్కువ బాధ పెట్టింది వీపు కాదు, కూర్చున్న చోటు. ఆ డబ్బా ప్లాస్టిక్‌ది, పదో నిమిషానికల్లా తొడల కింద నుంచి, పిర్రల నుంచి చలి పైకి పాకింది, పై బట్ట ఉన్నిదా పాలిస్టర్‌దా అన్నదానికి దానికీ సంబంధమే లేదు. అక్కడైతే రాయి మీద కూర్చోవాలి. రెండోసారి మధ్యలో రొయ్యల పెట్టెకి వాడే థర్మకోల్ పలక ముక్క ఒకటి తమ్ముడు కింద వేశాడు, పొయ్యి గట్టు మీద కూర్చున్నంత హాయిగా అనిపించింది. ఇంటికొచ్చి పాత యోగా మ్యాటు రెండు మడతలు వేసి కోసి పెట్టుకున్నాను, అది బ్యాగుకి కట్టేస్తాను.

కొంటున్నవి ఇవి. పైకి ఉన్నిది ఒకటి, 200 గ్రాములు, మెడ దగ్గర జిప్పు ఉన్నది, నైలాన్ కలిసినది. కిందకి పాలిస్టర్ చాలు, నాకు కాళ్ళు అంత చెమట పట్టవు, డబ్బు అక్కడ మిగులుతాది. ఇప్పటికే కొన్న పాలిస్టర్ పైది బ్యాగు అడుగున పొడిగా పెట్టి ఉంచుతాను, గజపతినగరం తమ్ముడు చెప్పినట్టు పైకి వెళ్ళాక మార్చుకోవడానికి కాదు, తడిసిన ఉన్నిది రాత్రి ఆరేటప్పుడు పడుకోడానికి. బుఖారీకి దూరంగా పక్క వేసుకుంటాను, హవల్దార్ బాబాయ్ చెప్పింది చదివాక మర్చిపోను. ఉన్ని సాక్సులు మూడు జతలు. బావ తన ఉన్ని చొక్కా కూడా పట్టుకెళ్ళమన్నాడు, ఒద్దన్నాను, నేను కొనుక్కున్నది నా ఒంటికి అలవాటు అవ్వాలి కదా.


గజపతినగరం ట్రెక్కర్:

ఎనిమిదో నిమిషం సంగతి చదివాక నేను కొంచెం తగ్గాను. నా ట్రెక్కుల్లో ఎక్కడా పదిహేను నిమిషాలు మించి కూర్చోలేదు, మంచినీళ్ళు తాగడం, ఫొటో దిగడం, లేచి నడవడమే, అందుకే నాకు పాలిస్టర్ సరిపోయింది అనుకుంటాను. అయినా పొడి చొక్కా మార్చుకోవడం వదలొద్దండి, ఉన్ని అయినా సరే.


సోంపేట మాజీ హవల్దార్:

చలిగదిలో గాలి ఫ్యాన్ ఒక్క వైపు నుంచే కొడతాది నాయనా, రుంబక్ వైపు పొద్దున్న ఒక దిక్కు, ఎండ వచ్చాక ఇంకో దిక్కు. గాలికి అడ్డం ఉన్న రాయి వెతుక్కున్నాకే కూర్చో, ముందు స్కోప్ పెట్టేసి తర్వాత రాయి వెతక్కు. కెమెరా బ్యాటరీలు బ్యాగులో పెట్టకు, ఉన్ని చొక్కాకీ స్వెట్టర్‌కీ మధ్య జేబు కుట్టించుకుని అందులో పెట్టుకో, చలికి చార్జి చచ్చిపోతాది. నీళ్ళ సీసా మూత కిందకి తిప్పి పెట్టు, నీళ్ళు పైనుంచి గడ్డ కడతాయి, మూత దగ్గర కరిగే ఉంటాయి.


టెక్కలి కొంగ:

బాబాయ్, జేబు సంగతి ఇవాళే మా ఊరి దర్జీకి చెప్పి వచ్చాను. స్వెట్టర్ లోపలి వైపు, గుండె పక్కన, రెండు బ్యాటరీలు పట్టేలాగ, గురువారానికి ఇస్తానన్నాడు.